బురదలో గవ్వలు చూసే చదువుకు ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. నర్సింగ్‌లో చేర్చాలని మా ఆలోచన. ఈ మధ్య కాలేజీలో సైన్స్ ప్రదర్శనకు వచ్చిన పరిశోధక విద్యార్థి ఒకరు సముద్రపు బురదలోని బుల్లి గవ్వలను మైక్రోస్కోప్‌లో చూపించారట. వాటి పేరు ఫొరామినిఫెరా అట. వాటిని చూసి సముద్రం బాగుందో, పాడైందో చెప్పవచ్చట. అప్పటి నుంచి అదే చదువుతానని పట్టుబట్టింది. దీనికి ఉద్యోగాలు ఉంటాయా? ఉంటే జువాలజీలో చేర్చాలా? ఆడపిల్లను ఓడల మీద పంపాల్సి వస్తుందా?

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అక్కడ తప్పటడుగు పడితే డిగ్రీ కాలమంతా వృథా అవుతుంది. మీ అమ్మాయిని చేర్చాల్సింది జియాలజీలో. ఫొరామినిఫెరా ఏకకణ జీవులే అయినా, వాటి మీద పనిచేసేవారు ఎక్కువగా కనిపించేది భూగర్భశాస్త్ర విభాగాల్లోనే. కారణం ఆ పెంకు. జీవి చనిపోయినా సున్నపు పెంకు బురదలో మిగిలిపోతుంది, ఏటికేడు పొరలుగా పేరుకుంటుంది. గొట్టం దింపి బురదను నిలువుగా తీస్తే పైన ఇప్పటి పొర, కింద తాతల నాటి పొర. తీరంలో ఫ్యాక్టరీ రాకముందు పరిస్థితి ఎలా ఉండేదో ఈ రోజు సీసాలో పట్టిన నీరు చెప్పలేదు. ఆ పెంకులు చెబుతాయి.

ఎలా చెబుతాయంటే, ఏ రకాలు ఎన్ని ఉన్నాయన్న లెక్కను బట్టి. మురుగు చేరి ఆక్సిజన్ తగ్గిన చోట సున్నితమైన రకాలు తప్పుకుంటాయి, అమ్మోనియా వంటి మొండి రకాలే మిగులుతాయి (వాయువు కాదు, ఒక ప్రజాతి పేరే అది). భారలోహాలు కలిసిన చోట్ల పెంకులు వంకరపోవడం కూడా పరిశోధకులు గమనించారు. అయితే ఉప్పదనం హెచ్చుతగ్గులకూ పెంకులు వంకరపోతాయి. వానాకాలంలో మంచినీరు ముంచెత్తే వంశధార మొగలో నాలుగు వంకర పెంకులు దొరికాయని ఏ పరిశ్రమనూ దోషిగా నిలబెట్టలేం. ఈ తేడా పట్టగలగడమే ఈ చదువులో అసలు విద్య.

ఈ పెంకులకు పాత వాతావరణం చెప్పే శక్తి కూడా ఉంది. 1955లో సిజారే ఎమిలియాని అనే శాస్త్రవేత్త ఈ పెంకుల్లోని ఆక్సిజన్ ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులను) కొలిచి ప్రాచీన సముద్రాల ఉష్ణోగ్రతలను అంచనా వేశారు. మన రుతుపవనాల చరిత్ర కోసం 2014–15లో జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ బంగాళాఖాతం అడుగును తొలిచింది.

ఇక ఉద్యోగాలు. ‘ఫొరామినిఫెరా నిపుణులు కావలెను’ అనే ప్రకటన కోసం ఎదురుచూస్తే కళ్లు కాయలు కాస్తాయి. ఉద్యోగం వచ్చేది జియాలజిస్టుగా. ఈ నైపుణ్యం దాని మీద అదనపు బలం. ఎమ్మెస్సీ తర్వాత యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో చేరవచ్చు. సముద్ర, తీర సర్వే చేసే దాని విభాగానికి విశాఖలో కార్యాలయం ఉంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకూ విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. చమురు సంస్థలు బావి తవ్వేటప్పుడు ఏ వయసు రాతిలో ఉన్నామో తెలుసుకోవడానికి ఈ పెంకులనే చూస్తాయి, కాకపోతే ఆ కొలువులు కొద్దే. మీ కళింగపట్నం, భావనపాడు తీరాల నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ ఖనిజాలున్నాయి కదా, ఆ పనికీ కావలసింది జియాలజీయే. మనసు మారినా డిగ్రీ చేతిలో ఉంటుందన్నది నా లెక్క.

పరిశోధన వైపు వెళ్తే సమయం పడుతుంది. డిగ్రీ, పీజీ, ఆపైన పీహెచ్‌డీ. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అది రాకపోతే కష్టమే. నాలుగేళ్లలో ఇంటికి జీతం రావడం తప్పనిసరి అయితే మాత్రం మీ నర్సింగ్ ఆలోచనే సరైనది. అందులో చిన్నతనం ఏమీ లేదు, అమ్మాయికీ ఆ మాట దాచకుండా చెప్పండి.

ఓడల గురించి మీ భయం అర్థమైంది. పనిలో ఎక్కువ భాగం గదిలో, మైక్రోస్కోప్ ముందే. ఓడ ప్రయాణాలు అప్పుడప్పుడూ ఉంటాయి, వాటిలో మహిళలూ వెళ్తున్నారు. 1983లో బయలుదేరిన అంటార్కిటికా యాత్రలో సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్, భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా ఉన్నారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే సంగతి. తడిపిన సన్నని కుంచె కొనతో రవ్వ గింజంత, ఒక్కోసారి అంతకంటే చిన్న పెంకులను ఒక్కొక్కటిగా ఎత్తి, గళ్లు గీసిన నల్లటి పళ్లెంలో రకాలవారీగా పేర్చాలి. ఒక నమూనాకు సాధారణంగా 300 పెంకులు లెక్కపెడతారు. అలాంటి నమూనాలు పదుల కొద్దీ ఉంటాయి. ప్రదర్శనలో అందమైనవి ఏరి చూపిస్తారు, ఈ మెడనొప్పి చూపించరు.

అందుకే పరీక్షలు అయ్యాక ఒక పని చేయించండి. సముద్రపు నీరు వెనక్కి తగ్గిన సమయంలో మీరూ వెంట వెళ్లి, మొగ దగ్గర మెత్తటి బురద పైపొర రెండు చెంచాలు తీసుకోండి. అలలు కొట్టే ఒడ్డు ఇసుకలో అంతగా దొరకవు. పలచని వాయిల్ గుడ్డలో మట్టి పోయేదాకా కడిగి, మిగిలినది నీడన ఆరబెట్టి, నల్ల కాగితం మీద పరిచి కాలేజీ మైక్రోస్కోప్‌లో చూడమనండి. యాభై ఏరి, బొమ్మలు గీసి, రకాలు విడదీయాలి. మూడో రోజు కూడా తనంతట తనే కూర్చుంటే ఇక అడ్డు చెప్పకండి.

జియాలజీ ఉన్న డిగ్రీ కాలేజీలు మనవైపు తక్కువ. ఫీజు కట్టే ముందు ల్యాబ్ చూడండి, శాశ్వత అధ్యాపకులు ఉన్నారో లేదో, ఏటా క్షేత్ర పర్యటనకు తీసుకెళ్తున్నారో లేదో సీనియర్ విద్యార్థులను అడగండి. పీజీకి ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గరే. ఐఐటీలకైతే జామ్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి, కొన్ని చోట్ల లెక్కల అర్హత కూడా అడుగుతారు. బైపీసీ కాబట్టి ఆ నిబంధన ఇప్పుడే చూసుకోండి.