4 గంటలనుకున్న కొండకు 8 గంటలు ఎందుకు పట్టింది?

12 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు, ఐదుగురు. 4 గంటలనుకుంటే 8 పట్టి, దిగేసరికి చీకటి పడిందన్నారు. మీ నడకలో తప్పు లేదండీ, లెక్కలోనే ఉంది.

మీరు వాడింది నైస్మిత్ సూత్రమే అయ్యుండాలి: 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అలా 3 గంటల 54 నిమిషాలు వస్తుంది. 1892 నాటి ఆ సూత్రంలో విరామాలు లేవు, చేతులు వాడి ఎక్కాల్సిన బండలు అసలే లేవు.

టైమంతా తినేది ఆ బండలే. పైవాళ్ల కాలికింద రాయి కదిలితే కిందివాళ్ల మీదే పడుతుంది కాబట్టి ఒక్కొక్కరే ఎక్కాలి, మిగతావాళ్లు పక్కకు జరగాలి. మనిషికి 4 నిమిషాల చొప్పున ఒక్క బండకు 20. అలాంటివి నాలుగుంటే 80 నిమిషాలు. అదే దారిన దిగితే ఇంకా ఎక్కువే, కాలు పెట్టే చోటు పైనుంచి కనపడదు మరి. ముఖం రాతివైపు తిప్పి దిగండి. అనుభవమున్న ఒకరు ముందు దిగి, పక్కన నిలబడి పాదం ఎక్కడ పెట్టాలో చెప్పాలి.

నిటారు దిగుడుకు ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు, గంటకు 10 నిమిషాల విరామం కూడా కలపండి. మీ 8 గంటలు వచ్చేస్తాయి.

చీకటి పడే వేళ నుంచి దిగడానికి పట్టే టైము, అదనంగా ఇంకో గంట తీసేసి, వెనుతిరిగే సమయం బయలుదేరకముందే ఖాయం చేసుకోండి. (శిఖరం ఎదురుగా కనపడుతుంటే ఈ మాట ఎవరూ వినరు.) హెడ్‌ల్యాంప్ మనిషికొకటి ఉండాలి, ఫోన్ లైటు పట్టుకుంటే బండ మీద ఒక చెయ్యి తగ్గినట్టే.