కథలు రాసే అమ్మాయికి అంతర్జాలంలో దారి ఎటు?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పలాస. జీడిపప్పు బట్టీలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. కథలు చదవడం, రాయడం తప్ప వేరే ధ్యాస లేదు. కావలసిన పుస్తకాలు ఊళ్లో దొరకడం లేదని రోజంతా ఫోనులోనే వెతుకుతోంది. మన ప్రాంతపు రచనలు, రాయడం నేర్చుకునే సాధనాలు అంతర్జాలంలో ఎక్కడ ఉంటాయి? ఇందులో తనకు బతుకుతెరువు ఉందా?

జవాబు: అయ్యా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. తెలుగులో కథలు రాసి ఆ రాబడితోనే ఇల్లు గడుపుకొనేవారు బహు కొద్దిమంది. అయితే కథల కోసం పట్టుబట్టి సాధించిన భాష, అంటే తప్పుల్లేకుండా రాయడం, ఇతరులు రాసినది దిద్దడం, ఇంగ్లీషులో ఉన్నదాన్ని చదవదగ్గ తెలుగులోకి తేవడం, పత్రికల్లోనూ ప్రచురణ సంస్థల్లోనూ అనువాద రంగంలోనూ ఉద్యోగానికి పనికొస్తుంది. కనుక మీరు ఫోను లాక్కోవలసిన పని లేదు, ఆ ఫోనులో జరిగే పనిని కాస్త మళ్లిస్తే చాలు.

మీ ప్రాంతం విషయంలో మీ అమ్మాయి అదృష్టవంతురాలు. తెలుగు కథ కోసం ప్రత్యేకంగా వెలసిన గ్రంథాలయం, కథానిలయం, మీ జిల్లా కేంద్రంలోనే ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997లో దాన్ని ప్రారంభించారు. ఆ సేకరణలో చాలా భాగాన్ని స్కాన్ చేసి కథానిలయం వెబ్‌సైటులో ఉంచారు. రచయిత పేరుతో గాని కథ పేరుతో గాని వెతికితే అది ఏ పత్రికలో, ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. చాలా కథలకు అచ్చయిన పుటలే తెరుచుకుంటాయి. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ పాత పుటలే. ఒకే కథకుడు ఇరవయ్యేళ్ల దూరంలో రాసిన రెండు కథలను పక్కపక్కన పెట్టుకుని, రెండో కథలో అతను ఏ మాటలు మానుకున్నాడో గమనించడం రచనా పాఠాలు చెప్పే ఏ వీడియోకన్నా ఎక్కువ నేర్పుతుంది. సెలవుల్లో ఒక రోజు రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో, అదే ఆమదాలవలసలో, దిగి ఆ బీరువాలను స్వయంగా చూసి రమ్మనండి.

మాటలకు అర్థాలు వెతకడానికి ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటు శోధన ఉంది. బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివన్నీ ఒకే చోట వెతకవచ్చు. అయితే మీ బట్టీలో వాడే మాటలన్నీ అక్కడ దొరుకుతాయని ఆశించకండి. అలాంటి వృత్తి మాటలను ప్రాంతాలవారీగా సేకరించి, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి పర్యవేక్షణలో తెచ్చిన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. గుండు (పూర్తి పప్పు), బద్ద (చీలిన పప్పు) మొదలుకొని పిక్కలు కాల్చేవారు, ఒలిచేవారు, ఏరేవారు అనుకునే మాటలను మీ అమ్మాయి ఆ పద్ధతిలో ఒక పుస్తకంలో రాసుకుంటే, అటు కథలకు సరుకు, ఇటు ఎం.ఏ. తెలుగులో చేరితే పరిశోధనకు విషయం రెండూ సిద్ధమవుతాయి. ఆ పనిలో మొదటి గురువు మీరే.

ఇక నేను గట్టిగా చెప్పదలచిన మాట తెలుగు వికీసోర్స్ గురించి. కాపీహక్కులు తీరిన పాత పుస్తకాలను అక్షరరూపంలోకి తెచ్చే స్వచ్ఛంద వేదిక అది. మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్లకు ఆ హక్కులు తీరిపోతాయి కాబట్టి, 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఎవరైనా నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. తెర మీద ఒకవైపు స్కాన్ పుట, మరోవైపు యంత్రం చదివిన పాఠం ఉంటాయి. యంత్రం ‘ప’ను ‘వ’గా, ‘మ’ను ‘య’గా పొరబడుతుంది, అరసున్నను మింగేస్తుంది. వాటిని దిద్దితే ఎర్రగా ఉన్న పుట పసుపు రంగుకు మారుతుంది, వేరొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. రోజుకు రెండు పుటల చొప్పున ఆరు నెలలు దిద్దిన వారికి ప్రూఫులు చూడడం చేతనవుతుంది, చేసిన ప్రతి మార్పూ పేరుతో సహా నమోదై ఉంటుంది. ‘అనుభవం ఏమిటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి అంతకు మించిన రుజువు డిగ్రీ విద్యార్థికి దొరకదు. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే తెలుగు అక్షరాల్లో, వేగంగా టైపు చేయడం కూడా ఈ పనితోనే అలవాటవుతుంది. ఫోను మీద కొంతవరకే సాగుతుంది, కనుక కళాశాలలోని కంప్యూటరును అడిగి వాడుకోమనండి.

సొంత కథలు పంపే విషయంలో తొందర వద్దు. ప్రతిలిపి వంటి యాప్‌లలో ఎవరి కథ వారే పెట్టుకోవచ్చు, పాఠకులు వెంటనే స్పందిస్తారు, కాని దిద్దే సంపాదకుడు ఉండడు. 1998 నుంచి నడుస్తున్న ఈమాట వంటి వెబ్ పత్రికలో రచనను పరిశీలించి తీసుకోవడమో తిప్పి పంపడమో చేస్తారు. తిరిగివచ్చిన కథ వల్ల కలిగే లాభం మెచ్చుకోళ్ల వల్ల రాదు. ముందే ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను చాలా పత్రికలు అముద్రితంగా లెక్కించవు కాబట్టి బాగా వచ్చిందనుకున్న కథను దాచుకోవడమే మేలు. సంకలనంలో చోటు, జ్ఞాపిక, ప్రశంసాపత్రం పేరుతో డబ్బు అడిగేవారికి మాత్రం ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

డిగ్రీ అయ్యాక పత్రికారంగం వైపు మొగ్గితే ఈనాడు జర్నలిజం స్కూలు ప్రవేశ ప్రకటనను, బోధన వైపు మొగ్గితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగును, ఆపైన కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌ను దృష్టిలో పెట్టుకోవాలి. 30 ఏళ్లలోపు రచయితల కోసం 2021లో మొదలైన పీఎం-యువ పథకంలో ఎంపికైనవారికి నెలకు రూ.50,000 చొప్పున ఆరు నెలలు ఉపకార వేతనం ఇచ్చి, వారి పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్ట్ అచ్చువేసింది. ప్రకటన ఎప్పుడు వెలువడేదీ ఆ సంస్థ వెబ్‌సైటులో చూస్తూ ఉండాలి. ప్రతి విడతకూ అంశం ముందే నిర్ణయిస్తారు కాబట్టి, కథలు మాత్రమే కాక మీ ప్రాంతపు చరిత్ర మీద వ్యాసాలు రాయడమూ ఇప్పటినుంచే అలవాటు చేసుకోమని చెప్పండి.