పేరెత్తొద్దంటరు, ఎందుకు?

*ప్రశ్న: పొద్దుగూకినంక మా ఇంట్ల 'పాము' అంటే ఊకోరు, 'పురుగు' అనాల్నంటరు. పేరెత్తితే నిజంగ వస్తదా?*
– ఒక పాఠకుడు, దేవరకొండ

రాదు. పాముకు బయటి చెవులుండవు. నేల అదురు దానికి బాగా తెలుస్తుంది, గాలిలో వచ్చే కొన్ని శబ్దాలూ తెలుస్తాయి. అంతేగానీ మన మాటల్లో తన పేరేదో పోల్చుకోలేదు. భయపడేదాన్ని అసలు పేరుతో పిలవకపోవడం మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. రష్యన్లు ఎలుగుబంటిని 'తేనె తినేది' అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. సుందరబన్‌ అడవుల్లోకి పోయేవాళ్లు పులిని 'మామ' అంటారు. మనవాళ్లు పామును పురుగంత చిన్నది చేశారు, దాంతోపాటు భయం కూడా చిన్నదవుతుందని.

ఇంట్లో ఏమని పిలుచుకున్నా ఏమీ కాదు. చిక్కల్లా దవాఖాన గుమ్మంలోనే. 'పురుగు ముట్టింది' అంటే మన ఊళ్లో పాము కరిచిందని. వేరే ప్రాంతం నుంచి వచ్చిన నర్సుకో, 108కు ఫోన్‌ చేస్తే అవతల ఎత్తినవాళ్లకో అది ఏ తేనెటీగో, జెర్రో అనిపించొచ్చు. హడావుడిలో 'పురుగు', 'మందు' రెండే వినబడితే పురుగుమందు తాగిండేమో అనుకుంటారు. కట్లపాము విషయంలో ఇది మరీ ప్రమాదం. రాత్రి కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, కాట్లు కూడా సరిగ్గా కనబడవు. తెల్లారేసరికి కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలిపోతాయి. అప్పటిదాకా 'ఏదో పురుగు' అనుకుంటూ కూర్చుంటే శ్వాస ఆడించే కండరాలు కూడా పట్టుతప్పుతాయి.

కాబట్టి మొదటి మాటే 'పాము కరిచింది, ఇన్ని గంటలకు' అని చెప్పండి. అది ఏ పామో తెలియకపోయినా ఫర్వాలేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ విరుగుడు ఒకే మందు. మామూలుగా మొదట 10 సీసాల దాకా ఎక్కిస్తారు. పిల్లలైనా పెద్దలైనా మోతాదు ఒకటే, ఎందుకంటే పాము మనిషిని చూసి విషం తగ్గించదు. పింజర విషానికి రక్తం గడ్డకట్టదు. అందుకే కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. పామును చంపి తేవద్దు, ఆ పనిలో రెండో మనిషికి కాటు పడుతుంది. తాడు బిగించి కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు. వాపు రాకముందే ఉంగరాలు, కడియాలు తీసేయండి. కరిచిన కాలికో చేతికో కర్ర ఆనించి కట్టి, కదలకుండా తీసుకుపోండి.

*ప్రశ్న: చిన్నపిల్లకు తల్లి పోసింది. రోగం పేరెత్తితే అమ్మకు కోపమొస్తదని డాక్టరు దగ్గరికి పోనిస్తలేరు. తొమ్మిది రోజులు నీళ్లు పోయొద్దంటున్నరు.*
– ఒక పాఠకురాలు, నకిరేకల్‌

ఆ భయం ఊరికే పుట్టలేదు. మశూచి సోకిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు పోయేవారు. దేశంలో చివరి కేసు 1975లో వచ్చింది, ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. రోగం పోయినా పేరు మిగిలి, ఆటలమ్మకూ తట్టుకూ అంటుకుంది. రెంటినీ 'తల్లి' అంటే ఏది వచ్చిందో తెలియదు. ఆటలమ్మవి నీటి పొక్కులు, కొత్తవీ ఎండినవీ ఒకేసారి కనిపిస్తాయి. తట్టుకు ముందు మూడు నాలుగు రోజులు జ్వరం, దగ్గు, ఎర్రకళ్లు ఉంటాయి, తర్వాత చెవుల వెనక, ముఖం మీద ఎర్రగా లేచి కిందికి దిగుతుంది. తట్టు అయితే వరుసగా రెండు రోజులు విటమిన్‌ ఎ ఇస్తారు. పేరు తేల్చుకోవాలనడం అందుకే.

గుమ్మానికి వేపమండలు కట్టనివ్వండి. వచ్చేపోయేవాళ్లు ఆగిపోతారు, అదే కావాలి. ముఖ్యంగా గర్భిణిని రానివ్వొద్దు. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా అంటుతుంది. స్నానం మాన్పించే పని లేదు. గోరువెచ్చని నీళ్లు పోసి, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దండి. ఒళ్లు మురికిగా ఉండి గోకితే పొక్కులు చీము పడతాయి, కాబట్టి గోళ్లు కత్తిరించండి. జ్వరానికి పారాసిటమాల్‌ చాలు, ఆస్పిరిన్‌ మాత్రం ఇవ్వొద్దు. తాలింపు మానేయడం మీ ఇష్టం, దానితో నష్టం లేదు. ఎగశ్వాస వచ్చినా, పిల్ల మగతగా పడి ఉన్నా అమ్మ కోపం సంగతి తర్వాత చూసుకోవచ్చు, వెంటనే దవాఖానకు తీసుకుపోండి.

*ప్రశ్న: దీపం ఆరిపోయిందంటే అత్తమ్మ కోపం చేస్తది. ఇంకా ఏమేం అనొద్దు?*
– కొత్త కోడలు, కల్వకుర్తి

సంధ్యవేళ తథాస్తు దేవతలు తిరుగుతారని, చెడ్డ మాట అంటే 'తథాస్తు' అంటారని నమ్మకం. అందుకే దీపం 'కొండెక్కింది' అంటారు. గాజు పగిలిందనరు, 'పెరిగింది' అంటారు. గడప దాటేటప్పుడు 'పోత' అనకుండా 'పోయొస్త' అనాలి. బియ్యం అయిపోతే 'నిండుకున్నయి' అంటారు. ఇవి నేర్చుకుంటే అత్తమ్మ దగ్గర మంచి పేరొస్తుంది. సరుకుల చీటీ మీద మాత్రం 'బియ్యం 25 కిలోలు' అని రాయండి. పట్నంలో పెరిగిన మీ ఆయనకు ఫోన్లో 'నిండుకున్నయి' అని చెబితే డబ్బా నిండుగా ఉందనుకొని ఉత్తచేతుల్తో వస్తాడు.