బుజ్జికి మామయ్య ఉత్తరం: లాప్‌టాప్ కొనబోయే ముందు

చి. బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు షాపులో కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు, అందుకే సరిగ్గా మాట్లాడలేకపోయాను. "స్టోరేజ్ కొంచెం పెంచితే ఇరవై వేలా మామయ్యా? మనల్ని ఏమనుకుంటున్నారు వీళ్లు?" అన్నావు. నీ కోపంలో తప్పేం లేదు. 2025 మార్చిలో వచ్చిన ఎమ్4 మ్యాక్‌బుక్ ఎయిర్ సంగతే చూడు. 256 జీబీతో 99,900 రూపాయలు. 512 జీబీతో 1,19,900. పోనీ, దాంట్లో గ్రాఫిక్స్ కోర్లు రెండు ఎక్కువిచ్చారనుకుందాం. ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు వాడుకునే మెమరీ, 16 జీబీ నుంచి 24కి పెంచమంటే మళ్లీ ఇంకో ఇరవై వేలు. ఆ రోజుల్లో మా సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఫైళ్లు దాచుకునే 512 జీబీ ఎస్ఎస్‌డీ విడిగా నాలుగు వేలు పెడితే వచ్చేది. పాతికేళ్లుగా ఈ సామాన్ల మధ్యే బతుకుతున్న నాకే ఆ ధరల పట్టిక చూస్తే ఒళ్లు మండుతుంది. ఇక నీ సంగతి చెప్పాలా?

పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో వేసే ధర నిన్ను షాపులోకి రప్పించడానికి. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు. స్టోరేజ్ చాలదేమో అని ఇరవై వేలు, ర్యామ్ చాలదేమో అని ఇంకో ఇరవై. అక్కడికి చేరాక "ఇంకాస్త పెడితే ప్రో వస్తుంది కదా మేడమ్" అంటాడు. లక్షకి బయల్దేరినవాళ్లు లక్షా అరవై దగ్గర తేలతారు. మీ నాన్న ఇస్తానన్నది లక్షా ఇరవై. ఆ అంకె కాగితం మీద రాసి పర్సులో పెట్టుకునే షాపుకి వెళ్లు.

ఈ ఖరీదైన మెషీన్ల విషయంలో నేను చెప్పే ముఖ్యమైన సంగతి ఒక్కటే. ఆర్కిటెక్చర్ చదువుతున్నావు కాబట్టి నీ భాషలోనే చెప్తాను. మా రోజుల్లో లాప్‌టాప్ కొనడమంటే స్థలం కొనడంలాంటిది. డబ్బులున్నప్పుడు ఒక గది, ఇంకాస్త కూడినప్పుడు పైన ఇంకో గది. 2 జీబీ ర్యామ్‌తో కొని, రెండేళ్ల తర్వాత 4 వేసుకుని, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టుకుని ఎనిమిదేళ్లు లాగించినవాళ్లు నా దగ్గర ఎంతమందో. ఇప్పటి సన్నటి మెషీన్ అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ లాంటిది. డబుల్ బెడ్‌రూమ్ కొంటే ఎప్పటికీ డబుల్ బెడ్‌రూమే. కాబట్టి తర్వాత మార్చుకోలేనిది ఏదో ముందు తెలుసుకో, దాని మీద ఖర్చు పెట్టు. తర్వాత మార్చుకోగలిగేది ఏదైనా ఇవాళ తక్కువలో కానిచ్చెయ్.

కిందటేడు ఒక లెక్చరర్‌గారు వచ్చారు. లక్షన్నర మెషీన్, ఏ కంపెనీదో మనకి అనవసరం. ఛార్జింగ్ పిన్ లూజ్ అయింది. వైరు ఒక కోణంలో వంచి, కింద పుస్తకం ఆన్చి పెడితేనే ఛార్జ్ ఎక్కుతోంది. సర్వీస్ సెంటర్లో చూసి, బోర్డు మొత్తం మార్చాలి, 68 వేలు అన్నారట. విప్పి చూశాను. ఆ టైప్-సీ పోర్టు ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజ్ అన్నీ ఉన్న మెయిన్ బోర్డుకే అతికించి ఉంది. పాత లాప్‌టాపుల్లో ఛార్జింగ్ పిన్ వైరుతో సహా విడిగా వచ్చే చిన్న ముక్క. నాలుగు వందలు, పావుగంట పని. ఇక్కడ చిటికెన వేలి గోరంత వెడల్పులో 24 కాళ్లు, మైక్రోస్కోప్ కింద పెడితే తప్ప లెక్కపెట్టలేం. రెండు సాయంత్రాలు కూర్చుని పాత పోర్టు ఊడదీసి కొత్తది వేశాను. మూడున్నర వేలు తీసుకున్నాను. ఆయన దిగులు డబ్బు గురించి కూడా కాదు. స్టోరేజ్ బోర్డు మీదే ఉంది కాబట్టి బోర్డు మారిస్తే పీహెచ్‌డీ నోట్స్ అంతా పోతుందని. బ్యాకప్ లేదా సార్ అంటే నేల చూపులు చూశారు. నువ్వు మాత్రం బయటి హార్డ్ డిస్క్ ఖర్చు కూడా ఆ లక్షా ఇరవైలోనే కలుపుకో.

కంపెనీల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ర్యామ్ బోర్డుకే అతికించడం అంతా కుట్ర కాదు. ఎల్పీడీడీఆర్ అనే రకం ర్యామ్ కరెంటు తక్కువ తింటుంది, వేగంగా పనిచేస్తుంది. కానీ ప్రాసెసర్‌కి బాగా దగ్గరగా ఉండాలి, మామూలు స్లాట్లో పెడితే కుదరదు. ఇంటెల్ వాళ్లయితే 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200వీ చిప్పుల్లో ర్యామ్‌ని ప్రాసెసర్ ప్యాకేజీ మీదే పెట్టేశారు. బ్యాటరీ రోజంతా రావడానికి ఇదీ ఒక కారణం. సరే, ఒప్పుకుందాం. స్టోరేజ్ దగ్గర మాత్రం ఈ మాట నాకు ఎక్కదు. పాన్ మసాలా ప్యాకెట్ అంత కూడా లేని ఎస్ఎస్‌డీకి ఒక స్లాట్, ఒక స్క్రూ పెట్టడానికి చోటు లేదంటే ఎవరు నమ్ముతారు? విండోస్ మెషీన్లలో సన్నటివాటికీ చాలావాటికి ఆ స్లాట్ ఉంటూనే ఉంది.

అసలు నువ్వు ఆ మ్యాక్ మీద మనసు పడే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది, అది ధర గురించి కాదు. రేపు స్టూడియోలో నీ చేత రెవిట్, అదే భవనాల త్రీడీ నమూనాలు కట్టే సాఫ్ట్‌వేర్, చేయిస్తారా? రెవిట్ మ్యాక్‌కి లేదు. త్రీడీ బొమ్మలు చేసే త్రీడీఎస్ మ్యాక్స్ కూడా లేదు. రెండూ విండోస్‌వే. ఆటోక్యాడ్, స్కెచప్ మ్యాక్‌లో ఉన్నాయి కాబట్టి ఇప్పటిదాకా నీకు తెలిసి ఉండదు. మీ సీనియర్లు నలుగురిని అడుగు. మూడో సంవత్సరంలో ఏం వాడుతున్నారు, ఫైల్ తెరిచినప్పుడు ర్యామ్ ఎంత తింటోంది అని. వాళ్ల మాట యూట్యూబ్‌లో అందంగా డబ్బా తెరిచి చూపించేవాళ్ల మాట కంటే నీకు పదిరెట్లు పనికొస్తుంది.

నా అంచనా ఇది. నీకు కావాల్సింది విండోస్ మెషీన్, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నది, 16 జీబీ ర్యామ్‌తో మొదలై 32కి పెంచుకోగలిగేది, ఎస్ఎస్‌డీకి రెండో స్లాట్ ఉంటే మరీ మంచిది. ఇవన్నీ ఉన్నవి సాధారణంగా గేమింగ్ పేరుతో అమ్ముతారు. లావుగా ఉంటాయి, కీబోర్డు కింద పచ్చలైట్లు, ఎర్రలైట్లు. చూడగానే మూతి ముడుస్తావని తెలుసు. లైట్లు ఆపేసుకోవచ్చమ్మా. ఆ లావులోనే వేడిని బయటికి లాగే రెండు ఫ్యాన్లు, రాగి గొట్టాలు ఉంటాయి. నీ నమూనాని ఫోటోలాంటి బొమ్మగా మార్చడానికి అరగంట రెండర్ పెట్టినప్పుడు సన్నటి మెషీన్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, మ్యాక్‌బుక్ ఎయిర్‌కైతే ఫ్యానే లేదు. పైన పటారం లోన లొటారం అని నేను అనను, అవీ మంచి మెషీన్లే. కాకపోతే నువ్వు చేసే పనికి పుట్టినవి కావు. భుజం నొప్పి అంటావేమో, అది నిజమే. ఛార్జర్‌తో కలిపి మూడు కిలోల దాకా తూగేవి ఉన్నాయి. షాపులో బ్యాగులో పెట్టించుకుని భుజాన వేసుకుని రెండు అంతస్తులు ఎక్కి దిగు. ఎవరేమనుకున్నా సరే.

ర్యామ్ మార్చుకోవచ్చా లేదా అని సేల్స్ కుర్రాణ్ణి అడగొద్దు. "ఉంటుంది మేడమ్" అంటాడు, వాడికీ తెలియదు. దీనికి మా రిపేరు వాళ్ల చిట్కా ఒకటి ఉంది. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ చాలా మోడళ్లకి సర్వీస్ మాన్యువల్ సొంత సైట్లోనే ఉచితంగా పెడతాయి. మోడల్ నంబరు పూర్తిగా కొట్టి ఆ పీడీఎఫ్ దించుకో. దాంట్లో బ్యాటరీ ఎలా తీయాలి, ర్యామ్ ఎలా తీయాలి అని బొమ్మలతో ఉంటుంది. ర్యామ్ తీసే అధ్యాయమే లేదంటే అర్థం చేసుకో. లెనోవోకి పీఎస్‌రెఫ్ అని ఇంకో పేజీ ఉంది, అక్కడ ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "సోల్డర్డ్ టు సిస్టమ్ బోర్డ్", అంటే బోర్డుకే అతికించేశారని. ఖరీదైనవన్నీ మూసుకుపోయాయనీ కాదు. 2024లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ14 అయిదో తరంలో ర్యామ్ స్లాట్లు రెండు పెట్టారు, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు. తలుచుకుంటే చేయగలరు అనడానికి చెప్తున్నాను, నీకు అది కొనమని కాదు, దాంట్లో గ్రాఫిక్స్ నీకు చాలదు.

మోడల్ నంబరు పూర్తిగా అన్నానని గుర్తుపెట్టుకో. పేరు ఒకటే, డబ్బా ఒకటే, లోపల స్క్రీన్ వేరు, గ్రాఫిక్స్ కార్డుకి ఇచ్చే వాట్లు వేరు. ఆన్‌లైన్‌లో రివ్యూ చూసినది ఒకటి, ఇంటికొచ్చింది ఇంకొకటి అని నా దగ్గర మొత్తుకునేవాళ్లు నెలకి ఇద్దరైనా ఉంటారు. నీకు రంగులు ముఖ్యం కదా, స్క్రీన్ వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ అని స్పెసిఫికేషన్లో రాసి ఉందో లేదో చూడు. రంగులు తక్కువ చూపించే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే పక్కన పెట్టెయ్. ఆ స్క్రీన్ మీద ఇటుక గోడ రంగు ఒకలా కనిపిస్తుంది, ప్రింట్ తీస్తే ఇంకోలా వస్తుంది, నీ డిజైన్‌కి మార్కులేసే జ్యూరీలో తిట్లు నీకు.

ఇంకో జాగ్రత్త: కొత్త డిజైన్ వచ్చిన మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు. 2015లో యాపిల్ బటర్‌ఫ్లై కీబోర్డు అని తెచ్చింది. పల్చన చేయడం కోసం. కీ కింద ఒక దుమ్ము రేణువు పడితే ఆ అక్షరం పడకపోవడమో, రెండుసార్లు పడడమో జరిగేది. 2018లో ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించి, 2019 చివర్లో పాత పద్ధతికి మళ్లడం మొదలుపెట్టారు. అమెరికాలో కేసు వేస్తే 2022లో 5 కోట్ల డాలర్లకి రాజీకొచ్చారు. 2016లో మ్యాక్‌బుక్ ప్రోలో హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డు స్లాట్ తీసేశారు, జనం అయిదేళ్లు డాంగిళ్లు, అంటే ఆ వైర్లు కలిపే అడాప్టర్లు, మోసుకు తిరిగాక 2021లో మళ్లీ పెట్టారు. డెల్ వాళ్లు 2022లో ఎక్స్‌పీఎస్ 13 ప్లస్‌లో పై వరస కీలు తీసేసి టచ్ చేశారు, హెడ్‌ఫోన్ పిన్ కూడా ఎత్తేశారు. టచ్‌ప్యాడ్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో గీత కూడా లేదు. వేలికి ఏమీ తగలకుండా ఎస్కేప్ కొట్టాలంటే ప్రతిసారీ తల వంచి చూడాలి, ఆటోక్యాడ్‌లో నిమిషానికి ఎన్నిసార్లు ఎస్కేప్ కొడతావో నీకే తెలుసు.

గొణిగితే ఫలితం ఉంటుందని కూడా దీన్నిబట్టి తెలుస్తోంది. 2023 అక్టోబర్లో 1,69,900 పెట్టి కొనే ఎమ్3 మ్యాక్‌బుక్ ప్రోలో 8 జీబీ ర్యామ్ ఇచ్చారు. అందరూ దుమ్మెత్తిపోశారు. ఏడాది తిరిగేసరికి ధర పెంచకుండా ఎయిర్‌లోనే 16 చేశారు. ఆ ముందు నెల కొన్నవాడి గతి ఏంటంటే ఎవరి దగ్గరా సమాధానం లేదు.

షాపులో చేయాల్సినవి చెప్తాను. నిలబడి కాదు, కుర్చీ అడిగి కూర్చో. నోట్‌ప్యాడ్ తెరిచి పది నిమిషాలు ఏదో ఒకటి టైప్ చెయ్. ఖరీదైన అల్యూమినియం మెషీన్లలో కొన్నిటికి ముందంచు పదునుగా ఉండి మణికట్టు దగ్గర గీత పడుతుంది, రెండు నిమిషాల్లో తెలియదు. స్క్రీన్‌ని ట్యూబ్‌లైట్ కిందకి తిప్పు, అద్దంలా నీ మొహమే కనిపిస్తే హాస్టల్ గదిలో అవస్థే. మీ కాలేజీ ప్రొజెక్టర్ వైరు ఏది, మౌస్ ఎక్కడ పెడతావు, పెన్‌డ్రైవ్ ఎక్కడ పెడతావు, అన్నీ ఒకేసారి పెట్టినట్టు ఊహించుకుని పోర్టులు లెక్కపెట్టు.

డల్లాస్ అన్నయ్య సంక్రాంతికి వస్తున్నాడు, తెప్పిద్దామా అంది మీ అమ్మ. 18 ఏళ్లు నిండినవాళ్లు ఒక లాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అది నిజమే. కానీ లెక్క వేసి చూద్దాం. 2025లో ఎమ్4 ఎయిర్ అక్కడ 999 డాలర్లు ఉండేది, దాని మీద డల్లాస్‌లో 8.25 శాతం పన్ను విడిగా. 1,081 డాలర్లు, అప్పటి లెక్కన డాలర్ 87 రూపాయలనుకున్నా 94 వేలు. ఇక్కడ అప్పుడు జీఎస్టీతో కలిపి 99,900, స్టూడెంట్‌కి 89,900. ఏం మిగిలింది? పైగా విండోస్ మెషీన్లలో కొన్నిటికి అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. వాణ్ణి చాక్లెట్లు తెమ్మను చాలు.

నో కాస్ట్ ఈఎంఐ అంటే మురిసిపోవద్దు. వడ్డీ మొత్తాన్ని డిస్కౌంట్‌గా తగ్గించినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు బ్యాంకు నీ దగ్గరే వసూలు చేస్తుంది. బిల్లు సీరియల్ నంబరుతో సహా తీసుకో, అక్కడే నిలబడి ఆ నంబరు కంపెనీ సైట్లో కొట్టి వారంటీ ఇవాళ్టి నుంచే మొదలైందో లేదో చూడు. ఆరు నెలల కిందటే మొదలైందని వస్తే అది షోకేస్ పీస్, వెనక్కి ఇచ్చెయ్. ప్రమాదవశాత్తూ పాడైతే బాగుచేసే ప్లాన్ కూడా కొను, మీ హాస్టల్లో టీ ఎలా తాగుతారో నాకు తెలుసు. తర్వాత ఏదైనా పేచీ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు కొన్న వస్తువుకి ఫిర్యాదు ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు, ఆన్‌లైన్లోనే వేయొచ్చు. బిల్లు ఉండాలి, సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది కాగితం మీదో మెయిల్లోనో ఉండాలి. నోటిమాటలకి విలువ లేదు.

దసరా సెలవులకి వచ్చినప్పుడు శనివారం పొద్దున్నే సీటీసీకి వెళ్దాం. ఈలోపు మూడు మోడళ్ల పేర్లు, పూర్తి నంబర్లతో వాట్సాప్ చెయ్, మాన్యువల్స్ నేను చూసి పెడతాను. వచ్చేటప్పుడు నీ పాత లాప్‌టాప్ తీసుకురా. మొన్న చచ్చిపోయిందని దిగులుపడ్డావు కదా. దాని అడుగున రబ్బరు బుడిపెల పక్కన ఎనిమిది మామూలు స్క్రూలు ఉంటాయి, అవి విప్పితే డిస్క్ చేతికొస్తుంది. అయిదు వందల కేసులో పెట్టిస్తే కొత్తదానికి అదే నీ బ్యాకప్.

ఇట్లు,
మామయ్య