రాత్రయితే రేడియోలో దూరం స్టేషన్లు ఎందుకు వస్తాయి?

ప్రశ్న: మా పాత రేడియోలో మీడియం వేవ్ పెడితే పగలు ఒకట్రెండు స్టేషన్లే వస్తాయండి, రాత్రయితే మాత్రం ఎక్కడెక్కడివో వినబడతాయి. ఎఫ్ఎంలో అలా జరగదు, ఎందుకని?

జవాబు: సెట్‌లో ఏ తేడా లేదండి, తేడా అంతా పైన ఉంది. ఎండ ఉన్నంతసేపూ అయనోస్ఫియర్ (చాలా ఎత్తున, ఎండకి విద్యుదావేశం పొందిన గాలి పొరలు) అడుగున డి పొర అని ఒకటి తయారై మీడియం వేవ్ సిగ్నల్‌ని మింగేస్తుంది, పొద్దుగూకాక అది దాదాపు పోతుంది కాబట్టి అవే తరంగాలు ఇంకా పైనున్న పొరల దాకా వెళ్లి వంగి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి, నాకైతే ఇది ఎప్పుడు తల్చుకున్నా అద్భుతమే. ఎఫ్ఎం 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది, ఆ తరంగాలు మామూలుగా పొరల్ని దాటుకుని పైకి పోతాయి, అందుకే టవర్ చుట్టుపక్కలే వినబడేది.

ఈసారి రాత్రి వినేటప్పుడు సెట్‌కున్న యాంటెన్నా పుల్ల లాగకండి, అది ఎఫ్ఎంకి, షార్ట్‌వేవ్‌కి. మీడియం వేవ్ యాంటెన్నా లోపలే ఫెరైట్ (ఇనుప ఆక్సైడ్‌తో చేసిన నల్లటి పదార్థం) కడ్డీకి చుట్టిన తీగ, కాబట్టి సెట్‌నే మెల్లగా తిప్పండి, ఒక వైపుకి క్లియర్ అవుతుంది. గరగర ఇంకా ఉంటే పక్కనున్న చార్జర్, ఎల్ఈడీ బల్బు ఆపి చూడండి, చాలాసార్లు గోల వాటిదే.