సముద్రపు నీటిని దూరాన ఉన్న గనులకు, పరిశ్రమలకు అందించడంలో అసలు కష్టం ఎక్కడ?

ఉప్పు తీయడమే కష్టమని చాలామంది అనుకుంటారు. ఎత్తైన చోటికి పంపాలంటే మాత్రం అంతకంటే బరువైన ఖర్చు నీటిని మోయడమే.

చిలీలోని ఎస్కోండిడా రాగి గనినే చూడండి. అటకామా ఎడారిలో, సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. అక్కడ వాన పడటమే గగనం. అందుకే తీరంలోని ప్వెర్టో కొలోసోలో సెకనుకు 2,500 లీటర్ల ప్లాంటు కట్టారు. నీరు దాదాపు 180 కిలోమీటర్లు పైపుల్లో కొండెక్కుతుంది. మొత్తం ఖర్చు సుమారు 340 కోట్ల డాలర్లు.

ప్లాంటులో జరిగేది మన ఇంటి ఆర్‌ఓ ఫిల్టర్‌లో జరిగేదే. కాకపోతే సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి, పొర గుండా నెట్టడానికి పది రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు అవుతుంది. అవే వెయ్యి లీటర్లను 3,200 మీటర్లు ఎత్తాలంటే, పంపుల్లో ఏ నష్టమూ లేదనుకున్నా, దాదాపు 9 యూనిట్లు! మన దగ్గర ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు అంటే, ముందు ఎంత ఎత్తుకో అడగండి.

సముద్రం నుంచి తోడిన నీటిలో సగానికి పైగా చిక్కటి ఉప్పునీరై తిరిగి సముద్రంలోకే పోతుంది. ఒకేచోట వదిలితే అడుగున పేరుకుని అక్కడి జీవులను చంపేస్తుంది, కాబట్టి బాగా కలిసేలా చెదరగొట్టి వదలాలి. ఇక్కడ పొదుపు చూడకూడదు.

ఇంత ఖర్చుకూ ఫలితం ఉంది. 2019 చివరికల్లా ఆ గని తన అవసరాలకు ఆండీస్ పర్వతాల్లోని భూగర్భజలాలు తోడటం ఆపేసింది.