పరిశ్రమల రసాయనం నేలలోని జీవులకు ప్రమాదమా కాదా అని ఎలా తేలుస్తారు?

విషమా కాదా అన్నదొక్కటే చాలదు, నేలలోకి ఎంత చేరుతుందో కూడా చూడాలి. యూరప్‌లో హాని చేయని మోతాదునూ, నేలలోకి చేరే మోతాదునూ పోల్చి చూస్తారు.

ముందుగా వానపాములు. ఇసుక, తెల్ల బంకమట్టి, పీట్ (చిత్తడి నేలల్లో సగం కుళ్లిన నాచు) కలిపిన మట్టిలో రసాయనం వేసి, 14 రోజుల్లో ఎన్ని చచ్చాయో లెక్కపెడతారు. నన్నడిగితే అసలు సంగతి చెప్పేది 56 రోజుల పరీక్ష. 28 రోజులకు పెద్దవాటిని తీసేసి, ఇంకో 28 రోజులకు పిల్లల్ని లెక్కిస్తారు. వానపాములు బతికే ఉన్నా పిల్లలు పుట్టకపోతే, కొన్నాళ్లకు ఆ నేల ఖాళీ అయిపోతుంది కదా!

చావు లెక్క ఒక్కటే చేతిలో ఉంటే, సగం జీవుల్ని చంపే మోతాదును 1000తో భాగించి, వచ్చినదాన్ని సురక్షిత స్థాయిగా తీసుకుంటారు. మొక్కలు, వానపాములు, సూక్ష్మజీవులు మూడింటి మీదా దీర్ఘకాల పరీక్షలుంటే, హాని కనిపించని మోతాదుల్లో అతి తక్కువదాన్ని 10తో భాగిస్తే సరిపోతుంది. నేలలో చేరుతుందని అంచనా వేసిన మోతాదు ఈ సురక్షిత స్థాయిని దాటితే ప్రమాదం ఉన్నట్టు లెక్క.